వాన నీళ్ళు సంపులో దాచాలా, నేలలోకి ఇంకించాలా? బరంపురంలో కొత్త ఇల్లు

శారద, బరంపురం:
అందరికీ నమస్కారం. బరంపురం ఊరి చివర ఇల్లు కడుతున్నాం. శ్లాబు వెయ్యి చదరపు అడుగులు, వచ్చే వారం పోస్తారు. కుళాయి ఇంకా లేదు. బోరులో నీళ్ళు పడ్డాయి కానీ బాగా చవ్వ. ఆ నీళ్ళలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది, స్టీలు గిన్నె ఆరబెడితే అడుగున తెల్లటి చార మిగులుతుంది. అందుకే వాన నీళ్ళు పట్టుకోవాలని గట్టిగా అనుకున్నాం. చేతిలో ఉన్నది లక్ష లోపే. మామగారు సంపు కట్టించమంటారు. దాచిన నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయి, ఇంకుడు గుంత తవ్వి బోరు పక్కన దింపుదాం అని మా వారు. ఇంట్లో ఐదుగురం. పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, కరివేపాకు, బీర, ఆనప పాదులు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ఏది ముందు?

రాజు, గోపాలపూర్:
శారదక్కా, సంపే. ఇంకో ఆలోచన వద్దు.
2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుఫాను మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే కరెంటు స్తంభాలు పొలాల్లో పడి ఉన్నాయి. మా వీధిలో మూడు బోర్లు ఉన్నా ఒక్క మోటారు కూడా తిరగలేదు. మా నాన్న కట్టించిన సంపు మూత ఎత్తి, తాడు కట్టిన బకెట్టు వేసి తోడాం. చుట్టుపక్కల ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు బిందెలు పట్టుకొచ్చారు. అమ్మ ఇంటికి రెండు బిందెలని లెక్క పెట్టి పోసింది. బాలింత ఉన్న ఇంటికి మాత్రం మూడు పోసింది. నేలలోకి వదిలిన నీళ్ళయితే ఆ వారం ఎవరికి అందేవి?

మాస్టారు, పర్లాకిమిడి:
రాజు బాబూ, మీ అమ్మగారు చేసింది గొప్ప పని. మా అనుభవం మాత్రం వేరుగా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా వైపు వచ్చింది. కొండల మీద కురిసిందంతా వాగుల్లోకి దిగి వీధుల్లోకి ఎక్కింది. మా తమ్ముడింట్లో సంపు మూత నేలమట్టానికి ఉండేది. వీధి నీరు, మురుగు కలిసి అందులోకే దిగాయి. పదిహేను వేల లీటర్లు ఒక్క పూటలో పాడైపోయాయి. అది తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ కొట్టి మళ్ళీ వాడుకలోకి తేవడానికి మూడు వారాలు పట్టింది.
మా పెరట్లో మా తాతగారి నాటి నుయ్యి ఉంది. ఒకప్పుడు రోహిణి కార్తె వచ్చేసరికి అడుగు రాళ్ళు కనబడేవి. పన్నెండేళ్ళ కిందట డాబా నీళ్ళన్నీ ఇసుక, కంకర వేసిన తొట్టిలోంచి వడగట్టి నూతిలోకి మళ్ళించాను. ఇప్పుడు మే నెల చివర్లో కూడా మూడు వరల ఎత్తున నీళ్ళుంటాయి. నాలుగు కుటుంబాలు తోడుకుంటున్నాం. సిమెంటు పెట్టెలో దాచిన నీరు ఆ ఇంటికే. నేలలో దాచింది వీధి మొత్తానికి.

రాజు, గోపాలపూర్:
మాస్టారూ, మీది నుయ్యి కాబట్టి నీళ్ళు కంటికి కనిపిస్తున్నాయి. అక్కది లోతు బోరు. గుంతలో పోసిన నీళ్ళు ఆ బోరుకే చేరతాయని ఎవరు చెప్పగలరు? అక్క డబ్బు పెట్టి ఇంకిస్తే పక్క లేఅవుటులో మూడు వందల అడుగుల బోరు వేసినవాడు లాగేసుకుంటాడు.

మాస్టారు, పర్లాకిమిడి:
ఆ పక్కవాడి బోరులాగే మీ బోరు కూడా ఎవరి వాన నీళ్ళనో తోడుతోంది కదా బాబూ. ఏళ్ళ తరబడి అందరం తోడుకున్నాం, తిరిగి పోసింది ఎవరు? ఈ మాట కోపంతో అనడం లేదు. మా ఊళ్ళో చెరువు గట్ల మీద ఇళ్ళు లేచాక ఒక్కో నుయ్యే ఎండిపోవడం కళ్ళారా చూశాను.

శ్రీను, రాయగడ:
నేను సివిల్ పని చేస్తాను. లెక్క వేస్తే సగం గొడవ తీరుతుందని రాస్తున్నా.
వెయ్యి చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకి ఒక లీటరు. ఆవిరి, చిందులు, శ్లాబు పీల్చేది పోగా నూటికి 80 వంతులు చేతికొస్తాయి. ఏడాదికి 1200 మిల్లీమీటర్లు అనుకుంటే మీ మేడ మీద నుంచి దాదాపు 89 వేల లీటర్లు.
ఖర్చు వైపు చూడండి. తాగడానికి, వంటకి మనిషికి ఎనిమిది లీటర్లు వేసుకుంటే ఐదుగురికి రోజుకి నలభై. నవంబరు నుంచి జూన్ మొదటి వారం దాకా 220 రోజులు పట్టుకుంటే 8,800 లీటర్లు. అంటే పది వేల లీటర్ల సంపు చాలు. లోపల ఎనిమిది అడుగుల పొడవు, ఏడు వెడల్పు, ఆరున్నర అడుగుల నీటి మట్టం. అవే నీళ్ళు స్నానాలకి, బట్టలకి, మొక్కలకి కూడా అంటే రోజుకి ఐదు వందలు పోతాయి, సంపు ఇరవై రోజుల్లో ఖాళీ. మీ వారి భయం అక్కడ నిజమే. కాయ కాసే కొబ్బరి చెట్టు ఒక్కటే వేసవిలో రోజుకి నలభై లీటర్లు అడుగుతుంది. తోటకి సరిపడా సంపు కట్టాలంటే ఇల్లు కట్టినంత అవుతుంది.
కాబట్టి నోటికి సంపు, తోటకి నేల. సంపు నిండాక పొర్లే నీళ్ళే డెబ్బై వేల పైచిలుకు ఉంటాయి. వాటికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, దారి చూపించాలి అంతే.
ఒక హెచ్చరిక. వడగట్టని మేడ నీళ్ళని నేరుగా బోరు గొట్టంలోకి మాత్రం వదలకండి. కొంతమంది మేస్త్రీలు సులువని అలా చేస్తున్నారు. బోరు పాడవుతుంది, మురికి లోతు నీళ్ళకే చేరుతుంది.

ఈశ్వరి, ఛత్రపూర్:
మా పుట్టిల్లు కవిటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మా మేనమామ పోయారు. బోరు నీళ్ళు మానేసి వాన నీళ్ళు తాగితే ఆ జబ్బు రాదని మా వైపు చాలామంది అంటున్నారు. శారదగారూ, ఈ ఒక్క కారణం చాలు సంపు కట్టుకోవడానికి.

కళావతి, బరంపురం:
ఈశ్వరమ్మా, మీ మేనమామగారి గురించి చదివి బాధేసింది. నేను నర్సుగా పని చేస్తున్నాను, ఇచ్ఛాపురం, సోంపేట వైపు రోగుల్ని చాలామందిని చూశాను. అందుకే ఈ మాట జాగ్రత్తగా చెప్తున్నా. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్ళ మీద అనుమానం ఉంది. ఎండలో పని చేస్తూ సరిగా నీళ్ళు తాగకపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వీటి మీద కూడా ఉంది. వాన నీళ్ళు తాగుతున్నాం కదా అని రక్త పరీక్ష మానేస్తే చాలా నష్టం. ఏటా క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష, చేయించుకోండి, ఏ నీళ్ళు తాగినా సరే.
ఇక వాన నీళ్ళు తాగచ్చా అంటే, తాగచ్చు. ఆకాశం నుంచి పడేటప్పుడు మంచివే, మేడ మీదే పాడవుతాయి. పిట్టల రెట్టలు, పిల్లి మలం, దుమ్ము, ఆకులు. మొదటి వాన పూర్తిగా బయటికి వదిలేయాలి. ఆ తర్వాత కూడా వాన వాన మధ్య వారం పది రోజులు ఎండ కాస్తే, తర్వాతి వానలో మొదటి నీళ్ళు వదిలేయాలి. తాగే ముందు మరగబెట్టాలి. సంపులో వేసేదైతే వెయ్యి లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు, ముందు చిన్న బకెట్టులో కలిపి, పైన తేరుకున్న నీళ్ళే పోయాలి. అరగంట ఆగి వాడుకోవాలి. మా అమ్మమ్మ కుండ లోపల చిల్లగింజ రుద్దేది. దానితో మడ్డి దిగుతుంది, క్రిములు చావవు. రెండూ ఒకటి కాదు.
దోమ గురించి ఎవరూ అనలేదు. మూత లేని గోలెంలో వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయి లేస్తుంది, అది డెంగీ దోమే కావచ్చు. పొర్లు గొట్టం చివర కూడా సన్న జాలీ కట్టండి. చాలామంది మూత వేసి ఆ గొట్టం మర్చిపోతారు.

రాజు, గోపాలపూర్:
కళావతక్కా, ఒక సందేహం. వాన నీళ్ళలో ఖనిజాలు ఉండవు, ఎముకలు గుల్లబారతాయని మా ఊళ్ళో ఒకాయన వాదిస్తున్నాడు.

కళావతి, బరంపురం:
రాజు తమ్ముడూ, మనకి కాల్షియం ప్రధానంగా తిండి నుంచి వస్తుంది. పాలు, రాగులు, మునగాకు, చిన్న చేపలు. ఇళ్ళల్లో పెట్టుకున్న ఆర్వో మిషను కూడా ఖనిజాలు తీసేస్తుంది, పైగా చాలా నీరు మోరీలో పోస్తుంది. దాన్ని అనుమానించనివాళ్ళు వాన నీళ్ళని అనుమానించడం నాకు అర్థం కాదు. రుచి చప్పగా ఉంటుంది, అది నిజమే. అలవాటు పడటానికి పది రోజులు పడుతుంది. శారదా, పప్పు మాత్రం ఇట్టే ఉడుకుతుంది. సబ్బు కూడా తక్కువ పడుతుంది.

శారద, బరంపురం:
అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. పప్పు మాట విని మా అత్తగారు ఇవాళే సంపు పక్షాన చేరారు. శ్రీనుగారూ, మా మేస్త్రి మొదటి నీళ్ళు వదలడానికి డౌన్ పైపు పక్కన మీటరు పొడవు నిలువు గొట్టం చాలన్నాడు. సరిపోతుందా?

శ్రీను, రాయగడ:
చాలదమ్మా. అందరూ చేసే పొరపాటే ఇది. నాలుగు అంగుళాల గొట్టం మీటరుకి ఎనిమిది లీటర్లే పడుతుంది. మీ మేడకి కనీసం మొదటి ఒక మిల్లీమీటరు వాన, అంటే తొంభై లీటర్లు తప్పించాలి. పాత రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టండి, లోపల తినే సరుకు ఉన్నదే తీసుకోండి, మందుల డ్రమ్ము వద్దు. మొదటి నీళ్ళు ముందు డ్రమ్ములో నిండుతాయి, నిండాక పై గొట్టం నుంచి వడపోత తొట్టికి వెళ్తాయి. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి సన్నగా తెరిచి ఉంచితే మర్నాటికి ఖాళీ అవుతుంది. ఆ మురికి నీళ్ళు ఆనప పాదుకి పోయండి.
మాస్టారు చెప్పిన తిత్లీ సంగతి గుర్తుంచుకోండి. సంపు మూత నేలమట్టం కంటే రెండు అడుగులు ఎత్తు లేపాలి. వెలుతురు చొరకూడదు, చీకట్లో పాచి పెరగదు. మరుగుదొడ్డి గుంతకి వీలైనంత దూరం, కనీసం పదిహేను మీటర్లు. కొత్త సిమెంటు సంపులో మొదటిసారి నింపిన నీళ్ళు తాగొద్దు, సున్నపు రుచి దిగుతుంది. వాటిని గోడలు తడపడానికి వాడేయండి.
గుంత సంగతి తేల్చడానికి ఒక పని చేయండి. పెరట్లో రెండు అడుగుల గొయ్యి తీసి, ముందు రోజు నీళ్ళు పోసి నానబెట్టి, మర్నాడు మళ్ళీ నింపి గంటలో ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి.

శారద, బరంపురం:
చూశాం. మా అబ్బాయి స్కేలు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. గంటకి అంగుళం కూడా దిగలేదు. ఎర్ర బంకమన్ను.

శ్రీను, రాయగడ:
అయితే చిన్న గుంత మీకు ఉపయోగపడదు, ముసురు పడితే చెరువులా నిలుస్తుంది. గుంత బదులు కొబ్బరి చెట్ల చుట్టూ ఆరడుగుల దూరంలో కందకం తీయండి. రెండు అడుగుల లోతు. అడుగున కొబ్బరి డొక్కలు వెల్లకిలా పరవండి, గుంట భాగం పైకి ఉండాలి. పైన మన్ను, ఎండుటాకులు. సంపు పొర్లు గొట్టం అందులోకి వదలండి. డొక్కలు నీళ్ళు పీల్చుకుని వాన ఆగాక కూడా చాలా రోజులు చెమ్మ ఇస్తాయి. గోపాలపూర్ ఇసుకలో అయితే నేను ఇంకో మాట చెప్పేవాణ్ణి. అక్కడ నేలలోకి ఎంత వదిలితే ఉప్పు నీరు అంత కిందికి జరుగుతుంది. రాజు తమ్ముడూ, మీ సంపు నిండాక పొర్లేది రోడ్డు మీదకి పోతోందా?

రాజు, గోపాలపూర్:
రోడ్డు మీదకే అన్నా. ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. మా పాత నుయ్యి పూడ్చలేదు, మూత పెట్టాం. దానిలోకి మళ్ళిస్తాను. కానీ అక్కకి మాత్రం నా మాట మారదు, ముందు సంపు.

మాస్టారు, పర్లాకిమిడి:
శ్రీను బాబు లెక్క కాదనను. కానీ రెండు అడుగుల గొయ్యి చూసి నేల ఇంకదని తేల్చడం ఒప్పుకోను. మన కొండల వైపు పైన బంకమన్ను, దాని కింద కుళ్ళిన రాయి ఉంటుంది. నీరు ఇంకేది ఆ రాతిలో. పది పన్నెండు అడుగులు దిగితే ఫలితం వేరుగా రావచ్చు. శారదమ్మా, పునాదికి తవ్విన చోట ఎంత లోతున మన్ను రంగు మారిందో మీ మేస్త్రిని అడగండి. అయిదారు అడుగుల్లోనే మొరం తగిలి ఉంటే, సంపు ఇప్పుడు కట్టుకుని, లోతు గుంతకి పెరట్లో చోటు మాత్రం వదిలిపెట్టండి. అక్కడ కారు షెడ్డు వేయకండి.

శారద, బరంపురం:
మాస్టారూ, అడిగాను. ఏడో అడుగు దగ్గర పసుపు మొరం తగిలిందట, గడ్డపార సులువుగా దిగిందన్నాడు. పది వేల లీటర్ల సంపు ఖాయం చేశాం. మూత రెండడుగుల ఎత్తు. డ్రమ్ము కొనడానికి మా వారు రేపు గేట్ బజార్ వెళ్తున్నారు. ఈశాన్యం మూల చోటు లోతు గుంతకి వదిలేశాం. మరుగుదొడ్డి గుంత నుంచి కొలిస్తే పదిహేడు మీటర్లు వచ్చింది. శ్రీనుగారూ, శ్లాబు మంగళవారం పోస్తున్నారు. వాలు మొత్తం ఒకే మూలకి తిప్పమని చెప్పాను, పది అడుగులకి అంగుళంన్నర చాలా, ఇంకా పెంచాలా?