వేలు వంకరున్న అసిల్ (పందెం కోళ్ల జాతి) పెట్టను జతకు ఉంచొచ్చా?

గుంటూరు పెరటికోళ్లు:
డేగ రంగు పెట్ట, పది నెలలది. ఒళ్లు, ఎముక, నిలబడే తీరు జాతికి తగ్గట్టే ఉన్నాయి. కుడికాలి మధ్యవేలు మాత్రం పక్కకు తిరిగింది. మే నెలలో ఇంక్యుబేటర్‌లో దీన్ని కలుపుకుని తీసిన పన్నెండు పిల్లల్లో మూడింటికి ఇలాగే ఉంది. పుంజుకేమో రొమ్ము ఎముక కాస్త వంగింది. ఈ రెంటినీ కలపొచ్చా అండీ?

తాడేపల్లి అసిల్:
మే అంటున్నారు కాబట్టి ముందు మెషీన్‌ని అనుమానించండి అన్నా. ఫ్యాన్ ఉన్నదానికి 37.5 డిగ్రీలు చాలు. మన ఎండలకి గదే 40 దగ్గరకు పోతుంది. థర్మోస్టాట్ హీటర్‌ని ఆపుతుంది గానీ గదిని చల్లబరచలేదు. వేడెక్కితే పిల్లలు 21 రోజులు నిండకముందే పెంకు పగలగొడతాయి, వేళ్లు వంకరపోతాయి. ట్రేలో నున్నటి పేపరు పరిచినా కాళ్లు జారి ఇంతే. తల్లుల మేతలో బి2 విటమిన్ తగ్గితే వేళ్లు పిడికిలిలా లోపలికి ముడుచుకుని పిల్ల కీళ్ల మీద కూలబడుతుంది. మీ పెట్టది అది కాదు.

అదే తల్లిదండ్రుల గుడ్లు డిసెంబరులో సగం మెషీన్‌లో పెట్టండి, సగం పెట్ట కింద పొదగేయండి. పెట్ట కింద వాటికీ వంకర వస్తే అది రక్తంలోదే కావచ్చు.

కృష్ణలంక:
పుంజుని ఈ పెట్టకి మాత్రం కలపొద్దు. లోపమున్న పెట్టకి ఏ లోపమూ లేని పుంజే కావాలి, దాని తోబుట్టువుల వేళ్లు కూడా చూడాలి. రొమ్ము ఎముక మీద వేలితో తడమండి. ఒకచోటే గాటు పడితే చిన్నప్పుడే సన్నటి కర్రెక్కి పడుకోవడం వల్ల కావచ్చు. నేల మీద పెరిగిన అన్నదమ్ములకీ వంకరుంటే వదిలేయండి.

పుంజుని మార్చాక మూడు వారాల గుడ్లు పొదగేయకండి, పాత పుంజు విత్తనం అన్నాళ్లూ పెట్టలో ఉంటుంది. మొదటి తరం శుభ్రంగా వచ్చిందని ఆగొద్దు. మంచి కొడుకుని తల్లికే కట్టి ఇరవై పిల్లలన్నా తీయండి, దాగిన లోపం అక్కడ బయటపడుతుంది. ఆ ఇరవైని జతకు వాడొద్దు.

మంగళగిరి పెంపకం:
వేలి విషయంలో ఓపిక పట్టొచ్చు. కత్తెర ముక్కు (పై ముక్కు, కింది ముక్కు ఒకదాన్నొకటి దాటడం), పక్కకు ఒరిగిన తోక ఉంటే ఒళ్లు ఎంత బాగున్నా జతకు పనికిరాదు. అసిల్‌కి తల మీద మూడు వరసల చిన్న జుట్టు (ఎర్రటి కండ) ఉండాలి. ఒక్క పిల్లకి రంపంలాంటి ఒంటి జుట్టు వచ్చినా తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ గుణాన్ని లోపల దాచి మోస్తున్నట్టే. మూడు వరసల జుట్టుతో పుట్టిన తోబుట్టువుల్లోనూ మూడింట రెండు వంతులు మోస్తుంటాయి. మధ్య వరస ఎత్తుగా, ముక్కు కింద వేలాడే తమ్మెలు పెద్దగా ఉన్నవాటిని ముందు తీసేయండి. పెంకు నుంచి బయటికి రాగానే ఏ జత పిల్లో తెలిసేలా కాలికి రింగు వేయండి, పెరిగే కొద్దీ సైజు మార్చండి.