రోటరీకి ‘భ్రమణ యంత్రం’ సరిపోతుందా?

ప్రశ్న: పాత విమానాల మీద వ్యాసం అనువదిస్తున్నాను. రోటరీ ఇంజన్‌కి ‘భ్రమణ యంత్రం’, రేడియల్‌కి ‘అరీయ యంత్రం’ అని రాశాను. బొమ్మల్లో రెండూ ఒకేలా ఉన్నాయి. అసలు తేడా ఏమిటండీ?

జవాబు: ఆగి ఉన్నప్పుడు ఒకేలానే ఉంటాయండీ. నడుమ క్రాంక్‌కేసు (ఇరుసు ఉండే పెట్టె), చుట్టూ బండిచక్రం ఆకుల్లా సిలిండర్లు. తేడా స్టార్ట్ చేశాకే తెలుస్తుంది. రేడియల్‌లో సిలిండర్లు కదలవు, లోపలి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగి ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీలో అంతా తలకిందులు. క్రాంక్‌షాఫ్ట్‌ని విమానానికి బిగించేస్తారు, సిలిండర్లతో సహా ఇంజనంతా ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతుంది. గాలి బాగా తగిలి చల్లబడుతుంది, తిరుగుడు సాఫీగా ఉంచే బరువు చక్రం, అంటే ఫ్లైవీల్, విడిగా అక్కర్లేదు, బరువు తగ్గుతుంది.

దానికి మూల్యం పైలట్ చెల్లించేవాడు. అంత బరువు తిరుగుతుంటే గైరోస్కోప్ ప్రభావం (తిరిగే బరువుని ఓ పక్కకి తిప్పబోతే అది మరో పక్కకి ఒరగడం) ఊరుకోదు. రోటరీ పెట్టిన యుద్ధ విమానం సోప్‌విత్ కామెల్ కుడికి చటుక్కున తిరిగేది, అప్పుడు ముక్కు కిందికి వాలేది. ఎడమకి తిప్పితే ముక్కు పైకి లేచేది. ఇంజనాయిల్‌గా ఆముదం పోసేవారు, పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదని. వాడిన ఆముదం మళ్లీ ట్యాంకులోకి రాదు, ఎగ్జాస్ట్‌తో పాటు బయటికి చిమ్మేది.

ప్రశ్న: మరి మాజ్దా కార్లలోది కూడా రోటరీయే అంటారుగా?

జవాబు: అక్కడే ‘భ్రమణ యంత్రం’ చిక్కుల్లో పడుతుంది. అది వాంకెల్ ఇంజన్. అందులో పిస్టన్లే ఉండవు, మూడు మూలల రోటర్ ఒకటి గూడులో తిరుగుతుంది. 1967లో కాస్మో కారులో పెట్టారు, 1991లో మాజ్దా రేసుకారు 787బీ దానితోనే లె మాన్ రేసు గెలిచింది. పాత విమానాల రోటరీకీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. పోనీ కార్లది వాంకెల్, విమానాలది రోటరీ అని గీత గీద్దామా అంటే, 1920ల నాటి మెగోలా మోటార్‌సైకిల్ ముందు చక్రంలో 5 సిలిండర్ల పాతరకం రోటరీయే ఉంది!

పైగా ఏ ఇంజన్‌లోనైనా ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది కదా. నేనైతే మొదటిసారి ‘సిలిండర్లు తిరిగే రోటరీ’ అని రాసి, ఆ తర్వాత రోటరీ అని వదిలేస్తాను. ‘అరీయ’ వ్యాకరణానికి ఒప్పే కానీ చదివేవాళ్లకి అందదు, రేడియల్ అనే ఉంచండి. మీ వ్యాసంలో డకోటా విమానం వస్తే మాత్రం పొరపాటున రోటరీ అనకండి. దాని ఇంజన్ ట్విన్ వాస్ప్ 14 సిలిండర్ల రేడియల్, వరసకి 7 చొప్పున రెండు వరసలు.

ప్రశ్న: వరసకి 7 అని బేసి సంఖ్య ఎందుకు?

జవాబు: నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో సిలిండర్లు ఒకటి వదిలి ఒకటి మండుతూ పోతే, బేసి అయితేనే రెండు చుట్లలో అన్నిటికీ సమానమైన ఎడంతో వంతు వస్తుంది.