రెవిట్‌లో గోడ పొరలన్నీ ఒకే ట్యాగ్‌లో చూపించడం ఎలా?

అందరికీ నమస్కారం. రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఓ ఇంటి ప్లాన్ చేస్తున్నాను. బయటి గోడ 230 మి.మీ. ఇటుక, లోపల 12, బయట 20 మి.మీ. ప్లాస్టరింగ్, మొత్తం 262. లోపలి పార్టిషన్లు 115 ఇటుకవి. వాల్ ట్యాగ్ (డ్రాయింగ్‌లో గోడకు పెట్టే లేబుల్) పెడితే టైప్ మార్క్ (గోడ రకం కోడ్), విడ్త్ వస్తున్నాయి, పొరల వివరం మాత్రం రావడం లేదు. మెటీరియల్ ట్యాగ్ ఒక్కో పొరకు విడిగా పెట్టాలి, షీట్ అంతా గజిబిజి అయిపోతోంది.

ప్రస్తుతానికి టైప్ కామెంట్స్‌లో (గోడ రకానికి నోట్ రాసుకునే చోటు) పొరలను చేత్తో టైప్ చేసి, దాన్ని ట్యాగ్‌లో చూపిస్తున్నాను. మొన్న ప్లాస్టర్ మందం మార్చి ఆ కామెంట్ మార్చడం మర్చిపోయాను, సైట్‌లో మేస్త్రి అడిగేదాకా నాకే తెలియలేదు! పొరలు మారితే ట్యాగ్ కూడా దానంతటదే మారే దారి ఉందా? డైనమో స్క్రిప్ట్ (రెవిట్ పనులను ఆటోమేటిక్‌గా చేయించే ప్రోగ్రామ్) తప్పదా? లేక ప్లాన్‌లో డబ్ల్యూ1, డబ్ల్యూ2 అని గోడ రకం కోడ్ మాత్రమే రాసి, పొరలను పక్కన విడిగా డిటైల్‌లో చూపిస్తారా? మీరెలా చేస్తున్నారో కాస్త చెప్పండి.