బోస్టన్ ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్: పెద్దవాళ్లకు నచ్చుతుందా?

బెజవాడబాబు: వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. అమ్మ గుంటూరు లూథరన్ చర్చిలో పెరిగిన మనిషి, "అక్కడి పాత చర్చి ఒకటి చూపించరా" అంటోంది. ఓల్డ్ సౌత్ ఫొటోలు చూస్తే ఖాళీ హాల్లా ఉంది. తీసుకెళ్లొచ్చా?

మాల్డెన్అక్క: మా అత్తగారు లోపల అడుగుపెడుతూనే "సిలువ ఏదమ్మా?" అన్నారు. లేదు మరి! బొమ్మల్లేవు, రంగుటద్దాల్లేవు. 1729లో ప్యూరిటన్లు, అంటే ఆడంబరం లేని ఆరాధన కోరుకున్న ప్రొటెస్టెంట్లు, ఇటుకలతో కట్టుకున్న మందిరం. వాళ్లకి వాక్యం అందరికీ వినపడాలి, అంతే. అందుకే పుల్పిట్ (ప్రసంగించే వేదిక) పొడుగు గోడకి మధ్యలో, బాగా ఎత్తున పెట్టారు. మూడు వైపులా గ్యాలరీలు. పెద్ద పెద్ద కిటికీలు, మామూలు అద్దాలు, లోపలంతా వెలుతురే. అరగంట కూర్చున్నాక ఆవిడే "ప్రశాంతంగా ఉందే" అన్నారు.

పాతకాలపుపిచ్చి: బెంచీల చుట్టూ చిన్న తలుపులతో గదుల్లా ఉంటాయి, గమనించారా? అప్పట్లో లోపల హీటింగ్ లేదు. చలిగాలి కాళ్లకి తగలకుండా ఆ ఏర్పాటు. ఇంటి నుంచి నిప్పుల పెట్టె తెచ్చుకుని కాళ్ల కింద పెట్టుకునేవారు. ఇప్పుడున్నవి మాత్రం తర్వాత చేయించినవి. 1775లో బ్రిటిష్ సైన్యం పాతవి పీకేసి, నేలంతా మట్టి పోసి, గుర్రపు స్వారీ నేర్చుకుంది!

క్విన్సీరాజు: బ్రిటిష్ వాళ్లకి ఈ మందిరం మీద ఆ కోపం ఊరికే రాలేదు లెండి. బ్రిటన్ టీ మీద వేసిన పన్నుకి ఎదురుతిరిగి 1773 డిసెంబర్ 16న 5,000 మంది పోగైంది ఇక్కడే. ఊళ్లో అంతమంది పట్టే చోటు ఇంకోటి లేదు. ఆ రాత్రే 342 టీ పెట్టెలు సముద్రం పాలయ్యాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాప్తిస్మం కూడా ఇక్కడే.

పాతకాలపుపిచ్చి: రాజుగారూ, చిన్న సవరణ. ఫ్రాంక్లిన్ బాప్తిస్మం 1706లో, ఇదే చోట అంతకుముందున్న చెక్క మందిరంలో. ఈ కట్టడంలో సభ్యురాలిగా చేరింది ఫిలిస్ వీట్లీ. బానిసగా ఉంటూనే 1773లో కవితల పుస్తకం అచ్చేయించిన అమ్మాయి. నాకైతే టీ కథకన్నా ఆవిడ కథే ఎక్కువ.

మాల్డెన్అక్క: బాబూ, ఒక్క మాట. ఇది ఇప్పుడు మ్యూజియం, టికెట్ ఉంటుంది. ఆదివారం ఆరాధన కావాలంటే ఈ సంఘమే 1870ల్లో కాప్లీ స్క్వేర్‌లో కట్టుకున్న చర్చికి వెళ్లండి. అక్కడ రంగుటద్దాలు బోలెడు.

బెజవాడబాబు: థాంక్స్ అక్కా. అమ్మకి రెండూ చూపిస్తా. నాన్న మాత్రం "టీ పారబోసిన చోట టీ దొరుకుతుందా?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగారు.