స్లీవ్ ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు, 94 కిలోల దగ్గర ముల్లు కదలడం లేదు

ప్రశ్న: గుంటూరు_చెల్లి

మా అక్కకి 38 ఏళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు. స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా చేసే ఆపరేషన్) రోజున 112 కిలోలు ఉంది. నాలుగు నెలలకి 94కి వచ్చింది. మూడు వారాలుగా ఒక్క గ్రాము కూడా దిగలేదు. తెలిసినావిడ ఒకరు గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) చేయించుకుని ఇదే నాలుగు నెలల్లో 30 కిలోలు తగ్గారు (ఆవిడ మొదట 150 ఉండేవారు). అది చూసి అక్క, నాకు ఆపరేషన్ పనిచేయలేదు అంటోంది. రాత్రి తిండి మానేస్తానంటోంది, లేకపోతే ఐదు రోజులు మళ్ళీ ద్రవాహారానికి వెళ్ళి ‘పొట్ట రీసెట్’ చేస్తానంటోంది.

రోజూ తినేవి: పొద్దున్నే 6కి థైరాయిడ్ బిళ్ళ (75 మైక్రోగ్రాములు), వెంటనే టీ. 8కి మజ్జిగ పోసిన రాగిజావ ఒక గ్లాసు, దాంతోపాటు కాల్షియం బిళ్ళ. 11కి టీ, రెండు బిస్కెట్లు. ఒంటిగంటకి నాలుగైదు చెంచాల పప్పన్నం, తర్వాత కాస్త పెరుగన్నం. 4కి బత్తాయి రసం. సాయంత్రం గుప్పెడు కారప్పూస. రాత్రి ఒక ఇడ్లీ. షుగర్, బీపీ లేవు. ఇంతకంటే ఏం తగ్గించాలి?

జవాబు 1: బేరియాట్రిక్_డైటీషియన్

తగ్గించాల్సింది ఏమీ లేదమ్మా, మార్చాల్సింది చాలా ఉంది. ముందు బరువు లెక్క చూద్దాం.

112 నుంచి 94 అంటే 18 కిలోలు, మొదటి బరువులో 16 శాతం. ఆవిడ 150 నుంచి 30 తగ్గారంటే 20 శాతం. కిలోల్లో చూస్తే 12 తేడా, శాతంలో చూస్తే నాలుగే. పైగా అది బైపాస్, ఇది స్లీవ్. బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు చూసే కొలత) 25 ప్రకారం అక్క ఎత్తుకి 64 కిలోలు రావాలి. అంటే ఆపరేషన్ నాటికి అదనంగా ఉన్నది 48 కిలోలు, అందులో 18 పోయింది. కాస్త నెమ్మదే, కానీ పనిచేయలేదనే మాట తప్పు. స్లీవ్‌లో బరువు 12 నుంచి 18 నెలల దాకా దిగుతూ ఉంటుంది, మధ్యలో రెండు మూడు వారాలు ఆగడం మామూలే.

ఇక తిండి. మీరు రాసిన జాబితాలో ఉన్న ప్రోటీన్ మొత్తం కూడితే 20 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. కావలసింది రోజుకి కనీసం 60, వీలైతే 80. ప్రోటీన్ అందకపోతే శరీరం కండని కరిగించుకుంటుంది. కండ తగ్గితే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గుతాయి, ముల్లు ఆగుతుంది. ఈ స్థితిలో రాత్రి తిండి మానేస్తే ఇంకా త్వరగా ఆగుతుంది.

రెండోది, జావ, పెరుగన్నం, పప్పులో మెత్తగా కలిపిన అన్నం, టీలో నానిన బిస్కెట్టు, నోట్లో వేస్తే కరిగిపోయే కారప్పూస. ఇవన్నీ స్లీవ్‌లో నిలబడవు, జారిపోతాయి. ఆపరేషన్ చేసింది పొట్ట త్వరగా నిండడానికి. గట్టి ఆహారం ఉంటేనే ఆ నిండుదనం తెలుస్తుంది. జారేవి ఎంత తిన్నా అరగంటలో మళ్ళీ ఆకలే. లెక్క చూడండి: రెండు చెంచాల పంచదారతో టీ 100 కేలరీల దాకా ఉంటుంది, రెండు టీలు 200. బత్తాయి రసం 100. గుప్పెడు కారప్పూస 40 గ్రాములు ఉంటే 200 పైనే. రోజుకి ఐదు వందల కేలరీలు ఆకలి తీర్చకుండానే లోపలికి పోతున్నాయి.

ఇలా మార్చండి. పొద్దున ఒక గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన (ప్రోటీన్ 10 గ్రాములు). పదిన్నరకి నీళ్ళలో ఒక స్కూప్ వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి), పంచదార లేనిది (24). మధ్యాహ్నం 60 గ్రాముల చేప లేదా కోడి (సుమారు 16), అది పూర్తయ్యాక రెండు చెంచాల కూర, చోటుంటేనే రెండు చెంచాల అన్నం. సాయంత్రం 25 గ్రాముల వేయించిన శనగలు, బాగా నమిలి (5). రాత్రి 50 గ్రాముల పనీర్, బీరకాయ కూరతో (9). మొత్తం 64. టీ వదలలేకపోతే పంచదార తీసేసి, వెన్న తీసిన పాలతో ఒక్కసారి.

వండినవాటిని ఒక్క వారం పాటు చిన్న వంటింటి త్రాసు మీద తూచండి. కంటి అంచనా ఇక్కడ చాలా మోసం చేస్తుంది, ముఖ్యంగా నూనె విషయంలో. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీల పైమాటే. ఆవకాయ గుజ్జు కలుపుకుంటే ఆ నూనె లెక్కలోకి కూడా రాదు.

జవాబు 2: నర్సు_సూపరింటెండెంట్

డైటీషియన్ గారు చెప్పినదానికి తినే పద్ధతి కలుపుతాను. చాలామంది కోడిమాంసం పడటం లేదని జావలోకి వెళ్ళిపోతారు. పడకపోవడానికి కారణం వేపుడు ముక్క, బ్రెస్ట్ ముక్క ఎండిపోయి ఉండటం. పులుసులో ఉడికిన తొడ ముక్క, కీమా, ముళ్ళు తీసిన కొరమీను తేలిగ్గా దిగుతాయి. శనగగింజంత ముక్క నోట్లో పెట్టుకుని ముద్దయ్యేదాకా నమలాలి, 20 నిమిషాల్లో ముగించాలి. రొమ్ము కింద బరువుగా, బిగుతుగా అనిపించినా, ఎక్కిళ్ళు మొదలైనా, ముక్కు కారినా అదే కడుపు నిండిన గుర్తు. ఆ తర్వాత ఒక్క ముద్ద తిన్నా నురగలాంటి వాంతి అవుతుంది.

తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. నీళ్ళు పోస్తే తిన్నది త్వరగా కిందికి జారి మళ్ళీ ఆకలి వేస్తుంది. మిగతా సమయంలో గుక్క గుక్కగా లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి.

‘పొట్ట రీసెట్’ జోలికి వెళ్ళొద్దండీ. ఐదు రోజుల ద్రవాహారంతో స్లీవ్ చిన్నదవదు. మొదట పోయేది గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం), దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళు. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో మూడు గ్రాముల పైనే నీళ్ళుంటాయి, అన్నం తినగానే అవి తిరిగొస్తాయి. పోయిన కండ మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాదు.

తూకం వారానికి ఒక్కసారి చాలు: అదే రోజు, అదే మిషను, పొద్దున బాత్రూముకి వెళ్ళొచ్చాక. నెలసరి ముందు, మలబద్ధకం ఉన్నప్పుడు ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. బొడ్డు దగ్గర టేపు కొలత కూడా రాసుకోండి. ముల్లు ఆగిన వారాల్లోనూ నడుము తగ్గుతూ ఉండవచ్చు.

ఇవి కనిపిస్తే మాత్రం ఎదురుచూడకుండా సర్జన్ దగ్గరికి వెళ్ళాలి: ఒకటి రెండు రోజులకు మించి వాంతులు, నీళ్ళు కూడా నిలవకపోవడం, నల్లటి విరేచనం, కాళ్ళు తిమ్మిర్లు, నడకలో తూలడం, చూపు రెండుగా కనపడటం. చివరి మూడూ బి1 లోపానికి గుర్తులు కావచ్చు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో గ్లూకోజ్ సెలైన్ పెడతామంటే, బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ అయిందని చెప్పి ముందు థయమిన్ (అదే బి1) ఇంజెక్షన్ ఇమ్మని అడగండి. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి హాని జరగవచ్చు.

జవాబు 3: ఫార్మసీ_కౌంటర్

నాకు జాబితాలో మొదట కనపడింది థైరాయిడ్ బిళ్ళ. దాన్ని పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి. టీకి కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి, ఇక్కడ రెండు గంటలే ఉంది. కాల్షియం ఆ మందుని పట్టేసి రక్తంలోకి వెళ్ళనివ్వదు. గ్యాస్ కోసం పాంటాప్రజోల్ కూడా వాడుతుంటే మందు ఇంకా తక్కువ ఎక్కుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఇప్పుడొకసారి, వేళలు సరిచేశాక 6 నుంచి 8 వారాలకి మరోసారి చేయించండి. డోసు డాక్టర్‌దే నిర్ణయం, సొంతంగా మార్చొద్దు.

వేళలు ఇలా పెట్టుకోవచ్చు: 6కి థైరాయిడ్, పదిన్నరకి కాల్షియం 500 మిల్లీగ్రాములు, 2కి ఐరన్ (నిమ్మరసం కలిపిన నీళ్ళతో, టీతో కాదు), 5కి మళ్ళీ కాల్షియం, రాత్రి మల్టీవిటమిన్. కాల్షియం సిట్రేట్ అడిగి తీసుకోండి. కౌంటర్లో ఎక్కువగా చేతికిచ్చే కార్బొనేట్ అరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, స్లీవ్ తర్వాత అది తగ్గిపోతుంది. టీఎస్‌హెచ్‌తో పాటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి, అల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) కూడా చూపించండి.

బరువు తగ్గకుండా ఆపే మందులు వేరేవీ ఉన్నాయి: నిద్ర పట్టడానికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, మూర్ఛకి వాల్‌ప్రోయేట్, స్టెరాయిడ్లు, మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్. అక్క ఏదైనా వాడుతుంటే మానేయకుండా, ప్రత్యామ్నాయం ఉందా అని రాసిన డాక్టర్‌నే అడగండి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి తెచ్చుకోవద్దు, పొట్టలో పుండ్లు పడవచ్చు.

ఇంకోటి, అడగలేదు కానీ చెప్పాలి. బరువు తగ్గేకొద్దీ అండం విడుదల మెరుగుపడుతుంది, పీసీఓడీ ఉన్నవాళ్ళకి మరీను. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

గుంటూరు_చెల్లి

చాలా థాంక్సండీ. పాంటాప్రజోల్ ఆపరేషన్ నుంచీ వేసుకుంటూనే ఉంది, ఆపాలని ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. నడక అరగంట చేస్తోంది, సరిపోతుందా? మంగళ, శనివారాలు నీసు, గుడ్డు ముట్టదు. ఆ రోజుల్లో 60 ఎలా?

బేరియాట్రిక్_డైటీషియన్

పాంటాప్రజోల్ ఎన్నాళ్ళు వాడాలో సర్జన్‌ని ఈసారి కచ్చితంగా అడగండి. మంట లేకుండానే కొందరికి అలవాటుగా సాగిపోతూ ఉంటుంది.

నడక మంచిదే, కానీ కండని నిలబెట్టేది బరువుతో చేసే వ్యాయామం. వారానికి మూడు రోజులు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి 10 పుషప్‌లు, లీటరు నీళ్ళ సీసా చెరో చేత్తో పట్టుకుని 12 సార్లు పైకెత్తడం. ఒక్కోటీ మూడు విడతలు. తేలికైపోయాక రెండు లీటర్ల సీసాలు.

మంగళ, శనివారాలకి: పొద్దున నూనె చుక్కతో కాల్చిన ఒక పల్చటి పెసరట్టు, మధ్యలో 50 గ్రాముల పనీర్ తురుము (మొత్తం 14 దాకా). పదిన్నరకి వే స్కూప్ (24). మధ్యాహ్నం మీల్‌మేకర్ 25 గ్రాములు, నానబెట్టకముందు తూకం (13). వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చిన్నగా తరిగి టమాటాతో వండాలి. పిండకపోతే స్పాంజిలా నీళ్ళు పట్టుకుని పొట్టలో బిగుసుకుంటుంది. సాయంత్రం శనగలు (5). రాత్రి గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు 100 గ్రాములు, అన్నం లేకుండా (7 లేదా 8). మొత్తం 63 పైనే అవుతుంది. మీల్‌మేకర్‌తో గ్యాస్ పడితే ఆ 25 గ్రాముల బదులు 70 గ్రాముల పనీర్ వేసుకోండి, కాకపోతే కొవ్వు తీసిన పాలతో ఇంట్లో విరిచినదే వాడండి.