పర్మిట్ ఇవ్వడానికి స్థానిక సంస్థ ఏ షరతైనా పెట్టవచ్చా?

ప్రశ్న:
వ్యాపార భవనాన్ని విస్తరించుకోవడానికి స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాము. పత్రాలన్నీ సరిగానే ఉన్నాయంటూనే, స్థలంలో కొంత భాగాన్ని బాట కోసం ఉచితంగా రాసిస్తే తప్ప అనుమతి రాదని సిబ్బంది నోటిమాటగా చెబుతున్నారు. ఏ నిబంధన కింద అడుగుతున్నారో చెప్పమంటే జవాబు లేదు. అనుమతి ఇవ్వడమూ మానడమూ పూర్తిగా వారి ఇష్టమేనా?

సమాధానం 1:
కాదు. స్థానిక సంస్థకు స్వతహాగా అధికారమంటూ ఏదీ ఉండదు. చట్టం ఎంత ఇస్తే అంతే. ఉదాహరణకు, ఉత్తరప్రదేశ్‌లోని కైరానా మునిసిపల్ బోర్డు అనుమతి లేనిదే కూరగాయల టోకు వ్యాపారం చేయరాదని ఉపనిబంధన పెట్టింది కాని, ఆ లైసెన్సు ఇచ్చే నిబంధన మాత్రం చేయలేదు. పైగా టోకు వ్యాపారపు గుత్తహక్కును ఒక్కరికే కట్టబెట్టింది. అంటే మిగిలినవారు అడగడానికి కూడా దారి లేదు. 1950లో రషీద్ అహ్మద్ కేసులో భారత సుప్రీంకోర్టు, ఇది వ్యాపారం చేసుకునే ప్రాథమిక హక్కును పూర్తిగా హరించడమేనని తేల్చింది. కనుక మీరు మొదట అడగవలసింది షరతు న్యాయమా కాదా అని కాదు, అది ఏ సెక్షన్ నుంచి వచ్చిందని.

సమాధానం 2:
మీ సమస్యకు చాలా దగ్గరగా ఉన్నది అమెరికాలోని డోలన్ కేసు. ఆరెగన్ రాష్ట్రంలోని టైగార్డ్ నగరంలో ప్లంబింగ్, విద్యుత్ సామగ్రి దుకాణం యజమాని దాన్ని పెద్దది చేసుకోవడానికి అనుమతి కోరగా, వాగు పక్కన ముంపు ప్రాంతంలోని భూమితో పాటు నడకదారికీ సైకిల్ బాటకూ 15 అడుగుల పట్టీని ఇవ్వాలని నగరం షరతు పెట్టింది. 1994లో అక్కడి సుప్రీంకోర్టు, నిర్మాణం వల్ల కలిగే ప్రభావానికీ అడిగిన భూమికీ సంబంధం ఉండాలనీ, ఆ రెండూ సుమారుగానైనా తూగాలనీ, దాన్ని చూపించే బాధ్యత నగరానిదేననీ చెప్పింది. సైకిల్ బాట వల్ల రద్దీ తగ్గవచ్చునన్న ఊహ సరిపోదంది. ఈ తీర్పు ఇతర దేశాల న్యాయస్థానాలను బంధించదు. అయినా అనుమతి కావలసినవాడి అవసరాన్ని చూసి భూమి రాబట్టుకోవడం ఎక్కడైనా అన్యాయమేనని నా దృఢమైన అభిప్రాయం.

సమాధానం 3:
పై సమాధానాలు సరైనవే కాని, న్యాయస్థానాలు ప్రతి షరతునూ కొట్టివేస్తాయని మాత్రం అనుకోవద్దు. ఇంగ్లండులో వెడ్న్స్‌బరీ కార్పొరేషన్, ఆదివారం ప్రదర్శనలకు 15 ఏళ్ల లోపు పిల్లలను రానివ్వకూడదన్న షరతుతో సినిమా హాలుకు అనుమతి ఇస్తే, 1947లో కోర్టు దానిని సమర్థించింది. నిర్ణయంలో సంస్థ చూడవలసిన అంశాలు చూడకపోయినా, చూడకూడనివి చూసినా, బుద్ధి ఉన్న ఏ సంస్థా చేయనంత అసంగతంగా వ్యవహరించినా తప్ప జోక్యం చేసుకోబోమంది. మురుగునీటి పారుదల, అగ్నిమాపక వాహనం తిరిగే చోటు వంటి షరతులు సాధారణంగా నిలబడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. షరతు కాగితం మీదే లేనప్పుడు కోర్టు దేనిని పరిశీలిస్తుంది?

సమాధానం 1:
అందుకే ముందు దానిని కాగితం మీదికి తేవాలి. సిబ్బంది చెప్పిన మాటలను తేదీతో సహా ఒక లేఖలో రాసి, ఏ నిబంధన కింద భూమి కోరుతున్నారో తెలపాలనీ, దరఖాస్తుపై కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలనీ కోరండి. ఆ లేఖను కార్యాలయంలో అందజేసి, ముట్టినట్లు ముద్ర వేయించుకోండి. తిరస్కరణ వస్తే, చట్టంలో అప్పీలు మార్గం ఉన్న పక్షంలో, గడువు దాటకుండా ముందు అక్కడికే వెళ్లాలి. అలా వెళ్లకపోతే ప్రత్యామ్నాయం ఉందన్న కారణంతో న్యాయస్థానం వెనక్కి పంపవచ్చు. మౌనమే కొనసాగితే, నిర్ణయం తీసుకోవలసిందిగా ఆదేశించమని కోరవచ్చు. సాధారణంగా కోర్టు తానే పర్మిట్ ఇవ్వదు, చట్టప్రకారం తేల్చమంటుంది. మీ వంటి స్థలాలకే భూమి అడగకుండా అనుమతులు ఇచ్చి ఉంటే, ఆ వివరాలు కూడా సేకరించి ఉంచుకోండి.