పర్సనల్ స్టేట్‌మెంట్ డబ్బులిచ్చి రాయించుకుంటే తప్పేంటి?

కడప హౌస్ సర్జన్:
అన్నా, ఈ సెప్టెంబరులో అమెరికా రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి శిక్షణకు, అప్లై చేస్తున్నాను. ఇంటర్నల్ మెడిసిన్. పదో తరగతి దాకా తెలుగు మీడియమే చదివాను. ఇక్కడైతే నీట్ పీజీ ర్యాంకు బట్టి సీటు, ఈ బ్రాంచే ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పుడు పర్సనల్ స్టేట్‌మెంట్ అని నా గురించి ఒక పేజీ రాయాలంటే చేయి ఆడడం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రాసిస్తామంటున్నారు.

అనంతపురం మెడికో:
రాయించుకో. అమెరికా ఆసుపత్రుల వాళ్లు చూసేది స్కోర్లే. ఆ పేజీ ఎవరు చదువుతారు?

కర్నూలు సీనియర్:
అమెరికా లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కు 2022 జనవరి నుంచి స్కోరే లేదు, పాస్ లేదా ఫెయిల్. స్టెప్ 2కు ఉంది, నిజమే. కానీ ఇంటర్వ్యూకు పిలిచినవాళ్లు ఆ పేజీ ముందు పెట్టుకునే అడుగుతారు తమ్ముడూ. పైగా ఈరాస్‌లో, అంటే ఈ దరఖాస్తులు పెట్టే ఆన్‌లైన్ వ్యవస్థలో, సబ్మిట్ చేసేటప్పుడు ఇది వేరెవరూ రాయలేదని నువ్వే ధ్రువీకరించాలి.

మొదటిసారి నేనూ రాయించుకున్నాను. 'చిన్నప్పటి నుంచి సేవ చేయాలన్న కల' అని మొదలైంది. ఇంటర్వ్యూలో అందులోని ఒక సంఘటన గురించి అడిగితే నోరు పెగల్లేదు. ఆ మార్చిలో మ్యాచ్ కాలేదు, అంటే ఎక్కడా సీటు రాలేదు.

రెండోసారి సొంతంగా, క్యాజువాలిటీలో గడిపిన ఒక రాత్రి గురించి రాశాను. పురుగుమందు తాగిన మనిషి. చొక్కా నిండా మందు వాసన, గుండుసూది మొనల్లా కంటిపాపలు. విరుగుడు మందు అట్రోపిన్ ఇస్తూ, ఛాతీలో గురగుర తగ్గిందా అని స్టెత్ పెట్టి వింటూనే తెల్లవారింది. బతికాడు. 'ఇంటికి పోయినాక మళ్లా తాగితే ఎట్ల సార్?' అని భార్య అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను సైకియాట్రీ ఎంచుకున్నది అందుకే, అదే రాశాను.

అనంతపురం మెడికో:
వాళ్ల కష్టాన్ని మన సీటు కోసం వాడుకోవడం కాదా అన్నా?

కర్నూలు సీనియర్:
ఆ బాధ నాకూ ఉంది. అందుకే ఊరు, వయసు, ఎవరో పోల్చుకునే వివరాలన్నీ తీసేశాను. ఆయన కష్టం రెండు వాక్యాలకు మించలేదు, మిగతాదంతా ఆ రాత్రి నాకు తెలియనిదేమిటో, తర్వాత ఏం నేర్చుకున్నానో.

కడప హౌస్ సర్జన్:
మరి నా ఇంగ్లీషు?

కర్నూలు సీనియర్:
చిన్న చిన్న వాక్యాలు చాలు. 28,000 అక్షరాల దాకా పడుతుంది కానీ ఒక పేజీ దాటించొద్దు. వార్డులో నిన్ను నిద్రపోనివ్వని కేసేదో ముందు తెలుగులో రాసుకో, తర్వాత నువ్వే ఇంగ్లీషులోకి మార్చు. నాకు పంపితే గ్రామర్ తప్పుల దగ్గర గుర్తు పెట్టి పంపిస్తాను, దిద్దుకోవడం నీ పని.